వేసవి కచేరీలకి ఇచ్చే లక్ష: చందానా, విరాళమా, స్పాన్సర్‌షిప్పా?

ఎండాకాలం సెలవులు వచ్చాయంటే ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది, ఫలానా తారీకు నుంచి ఐదు సాయంత్రాలు యువ కళాకారుల శాస్త్రీయ సంగీతోత్సవం, దాతలు ముందుకు రావాలి అని. కింద గూగుల్ పే నంబరు, ఆ కింద ప్లాటినం, గోల్డ్, సిల్వర్ అని మూడు రేట్లు. మర్నాటి నుంచి ఫోన్లు. "ఎయిటీ జీ రసీదు ఇస్తారా అండి?" "మా షాపు బోర్డు స్టేజీ మీద పెడతారా?" "మా కంపెనీ సీఎస్ఆర్‌లో చూపించుకోవచ్చా?" (ఎయిటీ జీ అంటే విరాళానికి ఆదాయపు పన్నులో తగ్గింపు ఇచ్చే సెక్షన్, సీఎస్ఆర్ అంటే పెద్ద కంపెనీలు చట్టప్రకారం సమాజం కోసం పెట్టాల్సిన ఖర్చు.) సెక్రటరీ గారు పాపం అందరికీ ఒకే జవాబు చెప్తారు, "అన్నీ చేద్దాం బాబూ, ముందు మీరు పంపండి" అని. గొడవకి విత్తనం అక్కడే పడుతుంది, ఎందుకంటే ఆ ముగ్గురు అడిగిన మూడూ ఒకే డబ్బుకి కుదరవు.

అసలు వేసవిలోనే ఎందుకు అంటే కారణం మామూలుదే. డిసెంబర్‌లో పెద్ద విద్వాంసులంతా మద్రాసు సీజన్‌లో ఉంటారు, పిల్లలకి స్కూళ్ళు, పరీక్షలు. ఏప్రిల్ చివర నుంచి జూన్ మధ్య దాకా పిల్లలు ఖాళీ, విజయనగరం, విశాఖ నుంచి వయొలిన్, మృదంగం వాయించే కుర్రాళ్ళూ దొరుకుతారు, రైలెక్కితే సాయంత్రానికి బరంపురంలో దిగుతారు. కాకపోతే డబ్బుల విషయంలో ఇదే చెడ్డ సీజన్ కూడా. చైత్రంలో దండనాట చందాలు, రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్ర చందాలు, ఇవన్నీ ఇచ్చి ఇచ్చి షాపులవాళ్ళు అప్పటికే విసిగిపోయి ఉంటారు. సంగీతం వాళ్ళు ఆ క్యూలో ఆఖరు.

ఒకే కవర్లో వచ్చే నాలుగు రకాల డబ్బు

చందా అంటే అందరికీ తెలిసిందే, వీధిలో వాళ్ళు అడిగారు కాబట్టి ఇచ్చాం, ఐదొందలో వెయ్యో, రసీదు వచ్చినా రాకపోయినా పట్టించుకోం. విరాళం కూడా ఇవ్వడమే, కానీ రిజిస్టరైన సంస్థకి, లెక్కల్లోకి వచ్చేలా, తిరిగి ఏమీ ఆశించకుండా ఇచ్చేది. స్పాన్సర్‌షిప్ అలా కాదు, అది కొనుక్కోవడం, ఇన్ని వేలు ఇస్తాను నా షాపు పేరు ఇన్నిచోట్ల కనపడాలి, ఇన్నిసార్లు మైకులో వినపడాలి అనే బేరం. ఇందులో తప్పేమీ లేదు, బేరం అని ఒప్పుకుంటే చాలు. నాలుగోది గ్రాంటు, సర్కారు నుంచో పెద్ద కంపెనీ సీఎస్ఆర్ నుంచో, ముందే దరఖాస్తు, తర్వాత లెక్క అప్పజెప్పడం.

చాలా సభలు, అంటే ఇలాంటి ఉత్సవాలు నడిపే సంగీత సంస్థలు, ఈ నాలుగింటినీ ఒకే రసీదు పుస్తకంలో రాసేస్తాయి, పైన "సంగీతోత్సవ విరాళం" అని అచ్చేసి. చీరల షాపాయన బోర్డు కట్టించుకుని విరాళం రసీదు పట్టుకెళ్తాడు, రిటైరైన మాస్టారు ఏమీ అడక్కుండా ఇచ్చి అదే రసీదు పట్టుకెళ్తారు. కాగితం ఒకటే, చట్టం దృష్టిలో ఈ రెండూ వేరు.

లక్ష రూపాయలు, ఇద్దరు దాతలు: పన్ను లెక్క ఎలా పడుతుంది

లెక్క వేసి చూద్దాం, మనుషులు ఊహించుకున్నవాళ్ళే. మొదటాయన రిటైరైన మాస్టారు, ఏడాది ఆదాయం పన్నెండు లక్షలు, ఇంకా పాత పన్ను పద్ధతిలోనే ఉన్నారు. సభకి ఎయిటీ జీ రిజిస్ట్రేషన్ ఉంది, ఆయన చెక్కుతో లక్ష ఇచ్చారు. మామూలు సంస్థలకి ఇచ్చిన విరాళంలో సగమే తగ్గింపు కిందకి వస్తుంది, అదీ ఆదాయంలో పది శాతం దాకానే లెక్కలోకి తీసుకుంటారు. ఆయనకి పది శాతం అంటే లక్షా ఇరవై వేలు, కాబట్టి లక్ష మొత్తం లోపలే ఉంది, అందులో సగం యాభై వేలు ఆదాయం నుంచి తీసేస్తారు. ఆయన ముప్పై శాతం స్లాబులో ఉన్నారు, అంటే పదిహేను వేలు, నాలుగు శాతం సెస్సు కలిపితే 15,600 మిగులుతుంది. అదే ఆయన కొత్త పన్ను పద్ధతిలో ఉంటే మిగిలేది సున్నా, కొత్త పద్ధతిలో ఈ తగ్గింపు లేదు. ఇప్పుడు ఉద్యోగస్తుల్లో ఎక్కువమంది కొత్త పద్ధతిలోకి వెళ్ళిపోయారు కాబట్టి "ఎయిటీ జీ ఉంది అండి" అని కరపత్రంలో పెద్దక్షరాలతో వేసినా పాత పట్టు ఉండదు.

ఇక్కడ జనం తడబడే చిన్న రూల్సు రెండు ఉన్నాయి. రెండు వేలు దాటి నగదు ఇస్తే ఆ విరాళానికి తగ్గింపు లేదు, ఫోన్ పే, గూగుల్ పే, చెక్కు అయితే ఇబ్బంది లేదు. వస్తువుగా ఇచ్చింది కూడా లెక్కలోకి రాదు, అంటే లాడ్జి ఓనరు కళాకారులకి ఐదు రోజులు గదులు ఉచితంగా ఇస్తే పుణ్యం వస్తుంది గానీ ఎయిటీ జీ రాదు. పైగా ఈ రోజుల్లో సభ చేత్తో రాసిచ్చిన రసీదు ఒక్కటే చాలదు, సభ ఏటా దాతల వివరాలు ఆదాయపు పన్ను శాఖకి ఆన్‌లైన్‌లో పంపాలి, అప్పుడు వచ్చే సర్టిఫికెట్టే దాతకి పనికొచ్చేది. (2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు, సెక్షన్ నంబర్లన్నీ మారాయి, మనవాళ్ళు మాత్రం ఇంకో ఇరవై ఏళ్ళు ఎయిటీ జీ అనే అంటారు.)

రెండో దాత పట్టుచీరల షాపు, పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్. వేదిక వెనక ఫ్లెక్సీ మీద షాపు పేరు, అడ్రసు, "వేసవి ఆఫర్" అని కూడా వేయించుకున్నారు, లక్ష ఇచ్చారు. ఇది ప్రకటన ఖర్చు. వ్యాపారం కోసం పెట్టిన ఖర్చు కాబట్టి లక్షకి లక్షా లాభంలోంచి తీసేస్తారు, ఫర్ములకి పన్ను ముప్పై శాతం, సెస్సుతో 31.2, అంటే 31,200 మిగులుతుంది. మాస్టారు టైపు దాతకి మిగిలిన దానికి సరిగ్గా రెట్టింపు! నాకైతే ఇది కొంచెం విచిత్రంగానే ఉంటుంది, ఏమీ ఆశించని వాడికంటే బోర్డు కట్టించుకున్న వాడికే చట్టం ఎక్కువ మిగిలిస్తుంది, కానీ లాజిక్ ఉంది, వ్యాపారి ఆ డబ్బు వ్యాపారం పెంచుకోడానికే పెట్టాడు, అది పెరిగితే పన్నూ వస్తుంది. వ్యాపారి చేయకూడనిది ఒకటే, అదే లక్షని ఇటు ప్రకటన ఖర్చుగానూ అటు విరాళంగానూ రెండుసార్లు చూపించడం.

ఫ్లెక్సీ మీద పేరు ఉంటే జీఎస్టీ పడుతుందా

అందరికీ తల తిరిగేది ఇక్కడ. స్పాన్సర్‌షిప్ అనేది జీఎస్టీలో ఒక సేవ, రేటు 18 శాతం. మామూలుగా సేవ చేసినవాడు పన్ను వసూలు చేసి కడతాడు, స్పాన్సర్‌షిప్‌లో మాత్రం సేవ చేసేది ఉత్సవం నడిపేవాళ్ళు, తీసుకునేది డబ్బిచ్చే స్పాన్సరు, ఆ స్పాన్సరు కంపెనీయో పార్ట్‌నర్‌షిప్ ఫర్మో అయితే వాళ్ళే నేరుగా కట్టాలి, దీన్నే రివర్స్ చార్జ్ అంటారు. 2025 జనవరి 16 నుంచి ఇందులో ఒక మార్పు వచ్చింది, ఉత్సవం నడిపేది కంపెనీ లాంటి బాడీ కార్పొరేట్ అయితే రివర్స్ చార్జ్ లేదు, వాళ్ళే బిల్లులో వేసుకుని కట్టాలి. మన సభలు ఎక్కువగా సొసైటీలో ట్రస్టులో కాబట్టి పాత పద్ధతే నడుస్తుంది. అంటే పై చీరల షాపు లక్ష సభకి ఇచ్చి, పద్దెనిమిది వేలు సర్కారుకి విడిగా కట్టాలి, మామూలుగా తర్వాత ఇన్‌పుట్ క్రెడిట్ కింద, అంటే తాము కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకుని, సర్దుకుంటారు. సొంత పేరు మీద ఒక్కడే నడిపే కిరాణా షాపు స్పాన్సర్ అయితే రివర్స్ చార్జ్ రాదు, సభ రాబడి ఏడాదికి ఇరవై లక్షల లోపు ఉండి రిజిస్ట్రేషన్ లేకపోతే అక్కడ జీఎస్టీ మాటే ఉండదు.

మరి మాస్టారు పేరు కూడా ఫ్లెక్సీ మీద ఉంది కదా, ఆయనకీ పడుతుందా? పడదు. 2019 అక్టోబర్ 11న వచ్చిన 116వ నంబరు సర్క్యులర్‌లో ఇది చాలా సూటిగా చెప్పారు, ధార్మిక సంస్థకి బహుమానంగా ఇచ్చి, ఉద్దేశం సేవే అయ్యి, పేరు పెట్టడం వ్యాపార ప్రచారం కాకపోతే అది పన్ను పడే సేవ కాదు అని. "మా నాన్నగారి జ్ఞాపకార్థం" అని రాస్తే విరాళం. దాని కింద షాపు లోగో, ఫోన్ నంబరు, డిస్కౌంటు వేస్తే ప్రకటన. మధ్యలో ఉండేవి కష్టం, ఉదాహరణకి దాత పేరే షాపు పేరు కూడా అయితే? అక్కడ ఆడిటర్లు రెండు రకాలుగా చెప్తారు, జాగ్రత్త మనుషులు ఇంటిపేరుతో వేయించి షాపు పేరు తీసేయమంటారు, మరికొందరు లోగో లేకపోతే చాలంటారు.

ఇంతకంటే లోతైన చిక్కు సభ వైపు ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ధార్మిక సంస్థగా పన్ను మినహాయింపు ఉన్న సభ "సాధారణ ప్రజా ప్రయోజనం" అనే కోవలోకి వస్తే, వ్యాపార తరహా రాబడి మొత్తం రాబడిలో ఇరవై శాతం దాటకూడదు. సభకి ఆ ఏడాది వచ్చింది రెండు లక్షల నలభై వేలు అనుకుందాం, ఇరవై శాతం అంటే నలభై ఎనిమిది వేలు. చీరల షాపు ఇచ్చిన లక్షని ప్రకటన రాబడిగా చూస్తే గీత దాటేసినట్టే, ఆ ఏడాది మినహాయింపు మీద ప్రశ్న వస్తుంది. మేము పిల్లలకి నేర్పిస్తున్నాం, మాది విద్య, ఆ గీత మాకు వర్తించదు అని వాదించేవాళ్ళు ఉన్నారు, కానీ 2022 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు విద్య అన్న మాటకి అర్థాన్ని బాగా బిగించేశాక ఆ వాదన నిలబెట్టడం కష్టమైంది.

సీఎస్ఆర్ డబ్బుకి బోర్డు అంటే ఎందుకు పడదు

మన వైపు పెద్ద కంపెనీలు లేవనలేం, దామన్‌జోడిలో నాల్కో, రాయగడ దగ్గర జేకే పేపర్, ఛత్రపురంలో ఐఆర్ఈఎల్, ఇవి కనపడగానే సభ కమిటీ మీటింగుల్లో ఎవరో ఒకరు "సీఎస్ఆర్ అడుగుదాం" అంటారు. 2013 కంపెనీల చట్టం ప్రకారం 500 కోట్ల నెట్‌వర్త్, 1000 కోట్ల టర్నోవర్, 5 కోట్ల నికర లాభం, ఈ మూడింట్లో ఏ ఒక్కటి ఉన్నా ఆ కంపెనీ గత మూడేళ్ళ సగటు లాభంలో రెండు శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. ఏడో షెడ్యూల్‌లో కళలు, సంస్కృతి ఉన్నాయి, చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వమనీ ఉంది. ఇంతవరకూ బాగానే ఉంది.

కానీ 2021 జనవరిలో మార్చిన రూల్స్‌లో ఒక ముక్క ఉంది, సొంత సరుకుకి మార్కెటింగ్ లాభం కోసం స్పాన్సర్‌షిప్ మీద చేసే పనులు సీఎస్ఆర్ కావు. దానికి ముందే, 2014లో, ఒక్కసారి జరిగిపోయే ఈవెంట్లు కూడా లెక్కలోకి రావని సర్క్యులర్ వచ్చింది. అందుకే "మీ కంపెనీ పేరు స్టేజీ నిండా వేస్తాం" అని ఊరించే ఉత్తరం అక్కడ పనిచేయకపోగా, ఆ ఉత్తరమే అడ్డం పడుతుంది. ఏడాది పొడవునా పది మంది పిల్లలకి గురువు జీతం, తంబూరా, వయొలిన్ కొనడం, ఆ చదువుకి చివర వేసవిలో అరంగేట్రాలు, ఇలా రాస్తే కళల పోషణ కిందకి వచ్చే వీలుంది. దానికీ షరతులున్నాయి, బయటి సంస్థ ద్వారా ఖర్చు పెట్టాలంటే దానికి ఎయిటీ జీ, మూడేళ్ళ అనుభవం, సీఎస్ఆర్-1 అనే ఫారంతో సర్కారు దగ్గర రిజిస్ట్రేషన్ కావాలి. నిన్న మొన్న పుట్టిన సభకి ఆ తలుపు మూసే ఉంటుంది.

రెండు లక్షల నలభై వేలల్లో పాడేవాళ్ళకి ఎంత

ఐదు సాయంత్రాలు, రోజుకి రెండు కచేరీలు, పది మంది యువ గాయనీ గాయకులు, ఒక్కో కచేరీకి వయొలిన్, మృదంగం. ఊహా లెక్కే, ఊరిని బట్టి మారుతుంది. హాలుకి నలభై వేలు, సౌండుకి ముప్పై వేలు, ప్రయాణాలు, బస, భోజనాలు నలభై ఐదు వేలు, ఫ్లెక్సీలు, ఆహ్వానాలు, వీడియో ముప్పై ఐదు వేలు. పక్కవాద్యం వాళ్ళు ఇరవై మందికి మనిషికి మూడేసి వేలు, అరవై వేలు. పాడిన పది మందికి మూడేసి వేలు, ముప్పై వేలు. మొత్తం రెండు లక్షల నలభై వేలు. పాడినవాళ్ళకి చేరింది ఎనిమిదో వంతు, ఫ్లెక్సీలకీ వీడియోకీ పోయింది దానికంటే ఎక్కువ!

దీని మీద రెండు మాటలు వినపడతాయి. కొత్త పిల్లలకి వేదిక దొరకడమే సంభావన, మంచి వీడియో వస్తే దాన్ని చూపించుకుని రేపు పెద్ద సభలో అవకాశం తెచ్చుకుంటారు, కాబట్టి వీడియో మీద పెట్టిందీ వాళ్ళ మీద పెట్టినట్టే అని నిర్వాహకులు అంటారు, అందులో నిజం ఉంది. గురువులు, తల్లిదండ్రుల మాట వేరు, పట్టుపరికిణీ దగ్గర్నుంచి రైలు టికెట్టు దాకా అన్నీ మేమే పెట్టుకుంటున్నాం, హాలు వాడికి, మైకు వాడికి బేరం లేకుండా ఇచ్చి పిల్లల దగ్గరకొచ్చేసరికి శాలువా కప్పేస్తారా అని. కొన్నిచోట్ల ఇంకో అడుగు ముందుకేసి పాడేవాళ్ళ దగ్గరే "రిజిస్ట్రేషన్ ఫీజు" తీసుకుంటారు, అప్పుడు స్పాన్సర్ ఎవరయ్యా అంటే పిల్ల తండ్రి అన్నమాట. దాన్ని యువ కళాకారుల ప్రోత్సాహం అనడానికి నాకు నోరు రాదు.

డబ్బు కాకుండా సమయం కూడా స్పాన్సర్‌కి పోతుంది. సరిహద్దుకి ఇటు ఒక ఊళ్ళో చూశాను, ఏడింటికి మొదలవ్వాల్సిన కచేరీ, ముందు స్పాన్సర్లని వేదిక మీదకి పిలిచి ఒక్కొక్కరికీ శాలువా, జ్ఞాపిక, ఫొటో, రెండు మాటలు మాట్లాడమనడం, ఆ రెండు మాటలు పది నిమిషాలు. వెనక కూర్చున్న మృదంగం కుర్రాడు శ్రుతి చేసి పెట్టుకున్నాడు, ఉక్కకి చర్మం సాగిపోతుంటే చిన్న రాయితో అంచు మీద కొడుతూ, ఎడమవైపు తడి రవ్వముద్ద ఆరిపోతుంటే మళ్ళీ అద్దుతూ ఉన్నాడు. చివరికి కచేరీ మొదలయ్యాక ఆ అమ్మాయి కల్యాణి రాగం మీద ఆలాపన సగంలో ఉండగా సెక్రటరీ చీటీ పంపారు, నెరవు, స్వరకల్పన పోయాయి, మృదంగం ఒక్కటే వాయించే తని ఆవర్తనం రెండు నిమిషాలు. పది తర్వాత మైకు పెట్టకూడదన్న రూలు ఉంది కదా, ఆయనా ఏం చేస్తారు. ఆ సాయంత్రం స్పాన్సర్ ఏమైనా అడిగాడా అంటే అడగలేదు, పాపం ఆయన ముందు వరసలో కూర్చుని కల్యాణి కోసమే ఎదురుచూస్తున్నాడు. మర్యాదంతా నిర్వాహకుల భయంలోంచి వచ్చిందే.

ఒక్క పెద్ద స్పాన్సరా, రెండొందల నలభై ఇళ్ళా అన్న చర్చ కూడా ఇక్కడికే వస్తుంది. ఇంటికి వెయ్యి చొప్పున 240 కుటుంబాలు ఇస్తే ఉత్సవం మొత్తం గడిచిపోతుంది, శాలువాలు అక్కర్లేదు, ఇరవై శాతం గీత బాధ లేదు, ఒకళ్ళు మానేసినా ఆగదు. కానీ 240 ఇళ్ళు తిరిగేది ఎవరు? మే నెల ఎండలో తిరిగే ఆ నలుగురూ కమిటీలో అరవై దాటినవాళ్ళే. పెద్ద స్పాన్సర్ ఒక్క ఫోన్‌తో అయిపోతాడు, వచ్చే ఏడు వ్యాపారం తగ్గి కాదంటే మాత్రం ఉత్సవమే ఆగిపోతుంది. టికెట్ పెట్టడం మూడో దారి, మనిషికి 500 లోపు సంగీత కచేరీ టికెట్టుకి జీఎస్టీ లేదు, శాస్త్రీయ కళాకారుడి పారితోషికం లక్షన్నర దాటకపోతే దానికీ లేదు, కాబట్టి పన్ను అడ్డు కాదు, ఉచితంగా వినే అలవాటే అడ్డు.

సరిహద్దు జిల్లాల ప్రత్యేక చిక్కు

1936 ఏప్రిల్ 1 దాకా బరంపురం, పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలోవి, అందుకే ఇక్కడ తెలుగిళ్ళల్లో పిల్లలకి కర్ణాటక సంగీతం, 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలకి పంపించే అలవాటు. సంగీతం అటు, గ్రాంటు ఇటు. ఆంధ్రా సాంస్కృతిక శాఖ సొమ్ము సరిహద్దు దాటి రాదు. ఒడిశా తూర్పు మండల సాంస్కృతిక కేంద్రం, అంటే కోల్‌కతా కిందకి వస్తుంది, కర్ణాటక సంగీతానికి ఊపిరి పోసే తంజావూరు కేంద్రం కిందకి కాదు. రాష్ట్ర అకాడమీ ఒడిశా సొంత శాస్త్రీయ సంగీతమైన ఒడిస్సీ సంగీతానికి ముందు పీట వేస్తుంది, అది వాళ్ళ బాధ్యత, తప్పుపట్టలేం. కేంద్ర సాంస్కృతిక శాఖ పథకాలు మాత్రం ఏ రాష్ట్రం వాళ్ళకైనా ఒకటే, 18 నుంచి 25 ఏళ్ళ వాళ్ళకి నెలకి ఐదు వేల చొప్పున రెండేళ్ళు ఇచ్చే యువ కళాకారుల స్కాలర్‌షిప్ లాంటివి, అవి ఉత్సవానికి కాకుండా నేరుగా పిల్లలకే వస్తాయి.

స్థానిక స్పాన్సర్ ఒడియా ఆయన అయితే ఆయన అడిగేది న్యాయంగానే ఉంటుంది, మా పిల్లలు పాడేది కూడా పెట్టండి అని. కొన్ని సభల్లో దీనికి ముఖం మాడ్చుకుంటారు, ఇది త్యాగరాజస్వామి ఉత్సవం అని. త్యాగరాజు కాలం 1767 నుంచి 1847, గంజాంలో చంపువులు అనే ఒడియా పాటల కావ్యాలు రాసిన కవిసూర్య బలదేవ రథ్ కాలం 1789 నుంచి 1845, ఇద్దరూ ఒకే కాలం వాళ్ళు. ఒక సాయంత్రం ఒడిస్సీ గాత్రానికి ఇస్తే దాతలూ పెరుగుతారు, గ్రాంటు దరఖాస్తుకి బలమూ వస్తుంది. అవతలి వాదనా ఉంది, ఉన్నవే పది స్లాట్లు, అందులో రెండు తీస్తే ఇద్దరు తెలుగు పిల్లలకి ఆ ఏడాది వేదిక పోయినట్టే, వాళ్ళకి బరంపురంలో వేరే వేదిక లేదు, ఒడిస్సీ పిల్లలకి భువనేశ్వర్, పూరీ ఉన్నాయి అని. నేను మొదటి వైపే మొగ్గుతాను గానీ రెండోది కూడా తీసిపారేసే మాట కాదు.

పధ్నాలుగేళ్ళ లోపు పిల్లలు పాడితే

బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించినప్పుడు కళాకారులైన పిల్లలకి వెసులుబాటు ఇచ్చి, దానికి రూల్సు పెట్టారు. పధ్నాలుగేళ్ళ లోపు పిల్లలు కమర్షియల్ ఈవెంట్‌లో పాల్గొంటే నిర్వాహకుడు జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి, రోజుకి ఐదు గంటలు మించకూడదు, మూడు గంటలకి మించి విరామం లేకుండా ఉండకూడదు, పిల్లకి వచ్చిన దాంట్లో కనీసం ఇరవై శాతం ఆ పిల్ల పేరు మీదే ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. ఉచిత ప్రవేశం, చందాలతో నడిచే సభ కమర్షియల్ కాదనే అందరూ అనుకుంటారు. టికెట్ పెట్టి, టైటిల్ స్పాన్సర్ పేరుతో ఉత్సవాన్నే పిలిచి, వీడియోలో ప్రకటనలు వేస్తే ఆ మాట అంత ధైర్యంగా అనలేం. మూడు వేల సంభావనలో ఇరవై శాతం ఆరొందలు, ఆరొందలకి డిపాజిట్ అంటే బ్యాంకు కౌంటర్లో నవ్వుతారేమో, అయినా పిల్లకి డబ్బు ఇచ్చాం అనడానికి తండ్రి జేబులో పెట్టిన కవరు కంటే అదే గట్టి సాక్ష్యం.